లాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగుతుంటే, ముందు ఎక్కడ తెగుతోందో పట్టుకోండి

శ్రీవారి 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే పూట తిరుపతిలో చాలా ఇళ్లలో జనం లాప్‌టాప్ ముందే ఉంటారు. ఊర్లోనే ఉన్నారు కదా, మీరైతే పట్టేస్తారని చుట్టాలు పంపిన ఆధార్ నంబర్లు పక్కన కాగితం మీద ఉంటాయి. వివరాలన్నీ నింపి డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి కింది మూలన వైఫై గుర్తు పోయి భూగోళం గుర్తు వస్తుంది. అప్పుడు అందరూ చేసేది ఒకటే. లేచిపోయి రౌటర్ స్విచ్ ఆపి మళ్లీ వేస్తారు. రెండు నిమిషాల్లో నెట్ వస్తుంది. వారం తిరక్కముందే మళ్లీ పోతుంది.

స్విచ్ ఆపి వేయడం తప్పు కాదు. కానీ ఆ పనితో ఆధారాలన్నీ చెరిగిపోతాయి. తెగింది లాప్‌టాప్‌లోనా, గాలిలోనా, రౌటర్‌లోనా, వీధిలో ఫైబర్ దగ్గరా అన్నది తెగి ఉన్నప్పుడే తెలుస్తుంది. అందుకే నెట్ పోగానే రౌటర్ దగ్గరికి పోకుండా, ముందు ఈ పరీక్ష చేయండి. పట్టేది మూడు నిమిషాలు.

రెండు నల్ల కిటికీలు

విండోస్‌లో స్టార్ట్ నొక్కి, సి, ఎం, డి అని కొడితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అందులో ఐపీకాన్‌ఫిగ్ (ఐ-పి-సి-ఓ-ఎన్-ఎఫ్-ఐ-జి) అని కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే అన్న వరుసలో ఉండే అంకెలే మీ రౌటర్ చిరునామా. ఎక్కువ ఇళ్లలో అది 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. జియో ఫైబర్ పెట్టెల్లో 192.168.29.1.

ఇప్పుడు అవతలి పరికరాన్ని పలకరించి జవాబు వస్తోందో లేదో చూసే ఆదేశం కొట్టాలి: పింగ్ (పి-ఐ-ఎన్-జి) అనే పదం, ఒక ఖాళీ, రౌటర్ చిరునామా, మళ్లీ ఒక ఖాళీ, అడ్డగీత, టి అక్షరం. ఎంటర్ కొడితే సెకనుకొక జవాబు వరుసగా పడుతూనే ఉంటుంది. ఇలాంటి కిటికీనే ఇంకొకటి తెరిచి, రౌటర్ చిరునామా బదులు 8.8.8.8 పెట్టండి. అది గూగుల్ నడిపే సర్వర్. రెండు కిటికీలూ పక్కపక్కన పెట్టుకొని మీ పని మీరు చేసుకోండి. నెట్ పోయిన క్షణంలో ఆ రెండింటి వంక చూడండి.

మొదటి కిటికీలో రౌటర్ 2, 3 మిల్లీసెకన్లలో జవాబు ఇస్తూనే ఉండి, రెండోదాంట్లో రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్ అని పడుతుంటే మీ వైఫై బాగానే ఉంది, తెగింది రౌటర్ అవతల. లాప్‌టాప్‌లో ఏ సెట్టింగూ ముట్టుకోవద్దు. రెండు కిటికీల్లోనూ టైమ్‌డ్ అవుట్ వస్తుంటే తెగింది మీకూ రౌటర్‌కూ మధ్య. జనరల్ ఫెయిల్యూర్ అని వస్తే లాప్‌టాప్‌లో వైఫై కనెక్షనే ఊడిపోయింది. రెండూ చక్కగా నడుస్తున్నా పేజీలు మాత్రం తెరుచుకోకపోతే, సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్‌లో తేడా. వైఫై సెట్టింగుల్లో డీఎన్ఎస్ ఆటోమేటిక్ తీసేసి 8.8.8.8, 1.1.1.1 పెడితే చాలాసార్లు అక్కడికి సరిపోతుంది.

నడుమ ఒక జవాబు 80, 100 మిల్లీసెకన్లకు ఎగిరి వెంటనే దిగితే బెంగ వద్దు. లాప్‌టాప్ చుట్టుపక్కల నెట్‌వర్కులు వెతికేటప్పుడు అలా అవుతుంది. వరుసగా నాలుగైదు జవాబులు రాకపోతేనే తెగినట్టు లెక్క.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. ఫోన్లో నెట్ వస్తోంది, లాప్‌టాప్‌లోనే రావడం లేదు అంటారు. వైఫై పనికిరాదనిపిస్తే ఫోను చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది. పోల్చేముందు ఫోన్లో మొబైల్ డేటా ఆపేయండి. లేకుంటే తప్పు లాప్‌టాప్ నెత్తిన పడుతుంది.

తెగింది బయట అయితే

గోడకున్న ఫైబర్ పెట్టె లైట్లు చూడండి. పాన్ (పి-ఓ-ఎన్) అని రాసి ఉన్న లైటు పచ్చగా నిలకడగా ఉండాలి. ఎల్ఓఎస్ లైటు ఎర్రగా వెలిగినా, మినుకుమన్నా ఫైబర్‌లో వెలుతురు చాలడం లేదని అర్థం. మన దగ్గర ఫైబర్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీద, మిద్దెల మీదుగా వస్తుంది. కపిలతీర్థం, అలిపిరి పక్క వీధుల్లో కోతులు తీగ పట్టుకొని ఊగుతాయి. నవంబరు వానల్లో జాయింట్ పెట్టెల్లోకి నీళ్లు దిగుతాయి. ఇంట్లో మనం చేసే తప్పు ఇంకోటి ఉంది. మిగిలిన తీగను చిన్న చుట్టగా బిగించి టేపు వేస్తాం. ఫైబర్‌ను చేతి గాజంత వంపు కన్నా ఇరుకుగా వంచితే వెలుతురు వంపు దగ్గరే బయటికి పోతుంది. చుట్ట వదులు చేయండి.

పెట్టె సెట్టింగుల పేజీలో (బ్రౌజర్‌లో ఆ గేట్‌వే చిరునామా కొడితే వచ్చేది) ఆప్టికల్ పవర్ అని ఒక అంకె కనబడుతుంది. -15 నుంచి -25 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత, సున్నాకు దూరమయ్యే కొద్దీ బలం తక్కువ) మధ్య ఉంటే నిశ్చింత. -27 దాటి కిందికి పోతే లైను ఉండీ లేనట్టే. మధ్యాహ్నం ఒకలా, తెల్లవారి ఒకలా ఉంటే రెండు పూటలా ఫోటో తీసి పెట్టుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు నెట్ స్లోగా ఉందని చెబితే పని కాదు. ఇలా చెప్పండి: "అన్నా, రౌటర్ దాకా పింగ్ బాగుంది, బయటికి పోయేకాడ తెగతా ఉంది. పవర్ -28 చూపిస్తా ఉంది. వచ్చేటప్పుడు పవర్ మీటర్ తెచ్చుకోన్నా." ఆ ఒక్క మాటతో బాగుచేయడానికి వచ్చే మనిషి నిచ్చెన కూడా తెచ్చుకుంటాడు.

రౌటర్ అడాప్టర్

అన్నిటికన్నా తక్కువ మంది అనుమానించేది దీన్నే. ఇంట్లో ఫోన్లు, టీవీ, లాప్‌టాప్ అన్నీ ఒకే క్షణంలో తెగి, ఒకటి రెండు నిమిషాలకు అన్నీ ఒకేసారి వస్తే రౌటర్ తనంతట తానే ఆగి మొదలవుతోంది. లైట్లన్నీ ఒకసారి ఆరి వరుసగా వెలగడం చూస్తే ఖాయం. అడాప్టర్ లోపలి కెపాసిటర్లు వేడికి ఎండిపోతాయి. 12 వోల్టులు రావాల్సిన చోట, రౌటర్‌కు పని ఎక్కువైనప్పుడు వోల్టేజి కుంగుతుంది. కత్తిరి ఎండల్లో, టీవీ స్టాండ్ మూసిన అరలో, రేకుల కింద అటక మీద పెట్టిన రౌటర్లకు ఇది మామూలు జబ్బు.

కొత్త అడాప్టర్ కొనేముందు పాతదాని మీద చీటీ చదవండి. వోల్టులు అచ్చంగా అవే ఉండాలి. 12 ఉంటే 12, 9 ఉంటే 9. ఆంపియర్లు ఎక్కువైనా నష్టం లేదు, తక్కువ కాకూడదు. 12 వోల్టులు 1 ఆంపియర్ బదులు 12 వోల్టులు 2 ఆంపియర్లది పెట్టవచ్చు. పిన్ను నడుమ ప్లస్సా మైనస్సా అన్న గుర్తు కూడా రెండింటి మీదా ఒకటే ఉండాలి. కరెంటు కోతకని చిన్న యూపీఎస్ పెట్టినవాళ్లు దాన్ని తప్పించి నేరుగా రెండు రోజులు నడిపి చూడండి. దాని బ్యాటరీ పాతబడ్డా ఇవే లక్షణాలు.

గాలిలో తెగుతుంటే

ఇక అసలు సంగతి. రౌటర్‌కు వేసిన పింగే పోతుంటే ముందు సిగ్నల్ ఎంతుందో అంకెల్లో చూడాలి. మూడు గీతలు, నాలుగు గీతలు అన్నది లెక్క కాదు. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్ అని కొట్టండి. మొదటి రెండు పదాల స్పెల్లింగు ఎన్-ఇ-టి-ఎస్-హెచ్, డబ్ల్యూ-ఎల్-ఎ-ఎన్. అందులో చానల్, వేగం, సిగ్నల్ శాతం ఉంటాయి. విండోస్ లెక్కలో 100 శాతం అంటే -50 డీబీఎం, సున్నా అంటే -100. శాతంలో సగం తీసుకొని వంద తీసేస్తే డీబీఎం వస్తుంది. 66 శాతం అంటే -67. వీడియో కాల్ తెగకుండా నడవాలంటే ఆ మాత్రం ఉండాలి. 50 శాతం దగ్గర పేజీలు తెరుచుకుంటాయి గానీ మాట తెగుతుంది. 40 కన్నా కింద ఏ సెట్టింగు మార్చినా వృథా. దూరమో గోడో అడ్డం ఉంది, దాని పని చూడాలి.

ఇనుప బీరువా, ఫ్రిజ్, పెద్ద నిలువుటద్దం, శ్లాబులోని కమ్మీలు సిగ్నల్‌కు గట్టి అడ్డాలు. చాలా ఇళ్లలో ఫైబర్ తీగ ముందు గదిలోకి వస్తుంది, రౌటర్‌ను టీవీ వెనక తోసేస్తారు. దాన్ని ఐదారు అడుగుల ఎత్తున, గోడ మీద, ఇంటి నడుమకు తెస్తే ఖర్చు లేకుండానే సగం గొడవ తీరుతుంది. నిలబెట్టిన యాంటెనా సిగ్నల్‌ను ఎక్కువగా పక్కలకు పంపుతుంది, పైకీ కిందికీ కాదు. పై అంతస్తుకు అందాలంటే ఒక యాంటెనాను అడ్డంగా పడుకోబెట్టి చూడండి.

సిగ్నల్ 80 శాతం ఉండీ తెగుతుంటే రద్దీ చూడాలి. బైరాగిపట్టెడ, కొర్లగుంట లాంటి చోట్ల, చిత్తూరులో గ్రీమ్స్‌పేట లాంటి చోట్ల గోడకు గోడ ఆనుకొనే ఇళ్లు ఉంటాయి. ప్రతి పోర్షన్‌కూ ఒక రౌటర్. అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే రేడియో బ్యాండు మీదే అరుస్తుంటాయి. ఆ బ్యాండులో 13 చానళ్లు, అంటే ముక్కలు, ఉన్నట్టు కనబడినా, ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి మూడే: 1, 6, 11. పక్కింటివాళ్లు 6 లో ఉన్నారని మీరు 4 లో పెడితే ఇద్దరికీ చెడుతుంది. ఒకే చానల్లో ఉంటే రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులు వేసుకుంటాయి. సగం సగం కలిసే చానళ్లలో ఆ మాట అర్థం కాదు, ఉత్త రొదగా వినబడుతుంది. నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో నెట్‌వర్క్స్ మోడ్ ఈక్వల్స్ బీఎస్ఎస్ఐడీ అని కొడితే చుట్టుపక్కల ఏది ఏ చానల్లో ఉందో వరుసగా చూపిస్తుంది. ఈక్వల్స్ బదులు సమాన గుర్తు పెట్టాలి. మూడింట్లో తక్కువ మంది ఉన్నది చూసుకొని రౌటర్ పేజీలో ఆటో తీసేసి అది పెట్టండి. చానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 40 పెడితే వేగం పెరుగుతుందన్న ఆశ ఇలాంటి వీధుల్లో నెరవేరదు.

లాప్‌టాప్‌కు 5 గిగాహెర్ట్జ్ అనే రెండో బ్యాండు ఉంటే దాన్నే వాడండి. రెండు బ్యాండులకూ ఒకే పేరు ఉంటే లాప్‌టాప్ అటూ ఇటూ దూకుతుంటుంది, దూకినప్పుడల్లా కాల్ ఆగుతుంది. రౌటర్‌లో స్మార్ట్ కనెక్ట్ గానీ బ్యాండ్ స్టీరింగ్ గానీ ఆపి, రెండోదానికి వేరే పేరు పెట్టి, లాప్‌టాప్‌ను ఆ పేరుకే కలపండి. చానల్ 36 నుంచి 48 లోపు, లేదా 149 నుంచి 161 లోపు ఎంచుకోండి. నడుమనున్న 52 నుంచి 144 చానళ్లలో రాడార్ ఉందేమో రౌటర్ వింటూ ఉండాలన్న నిబంధన చాలా దేశాల్లో ఉంది, రౌటర్లూ దాన్ని పాటించేట్టే తయారవుతాయి. రాడార్ లాంటిది వినబడిందంటే చానల్ వెంటనే ఖాళీ చేస్తుంది. అలాంటిదే ఇంకో చానల్‌కు పోతే అక్కడ కనీసం ఒక నిమిషం విన్నాకే మాట్లాడుతుంది. ఆ నిమిషం మీకు నెట్ ఉండదు.

రాడార్ అనగానే మన వైపు వాళ్లకు తిరుపతి దగ్గరి గాదంకి గుర్తుకొస్తుంది. వాతావరణాన్ని పరిశోధించే అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 1024 యాంటెనాలతో ఆకాశంలోకి చూస్తుంది గానీ అది పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ దగ్గర. వైఫై ఉండేది 2400 పైన, 5000 పైన. మన నెట్ తెగడానికీ దానికీ సంబంధం లేదు.

2.4 లోనే ఉండక తప్పనివాళ్లు లాప్‌టాప్ పక్కన ఏముందో చూడండి. మైక్రోవేవ్ ఓవెన్ నడిచేది సరిగ్గా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. బ్లూటూత్ హెడ్‌సెట్ కూడా ఆ బ్యాండులోనే, చాలా లాప్‌టాప్‌లలో వైఫైతో ఒకే కార్డును పంచుకుంటుంది. ఎవరూ ఊహించనిది యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్. నీలం పోర్టులో పెట్టి ఫైళ్లు ఎక్కిస్తున్నంతసేపు దాని తీగ నుంచి ఇదే బ్యాండులో రొద వస్తుంది. ఇంటెల్ కంపెనీయే 2012లో దీన్ని కొలిచి పత్రం రాసింది. డిస్కును మీటరు తీగతో దూరంగా పెట్టండి.

సెక్యూరిటీ సెట్టింగు కూడా చూడండి. డబ్ల్యూపీఏ 2, డబ్ల్యూపీఏ 3 అనే భద్రతా పద్ధతులు రెండూ కలిపి పెట్టిన రౌటర్‌తో కొన్ని పాత లాప్‌టాప్‌లకు పడదు. డబ్ల్యూపీఏ 2 పర్సనల్, ఏఈఎస్ ఒక్కటే పెట్టి రెండు రోజులు చూడండి. టీకేఐపీ అనే పాత పద్ధతి ఉంటే మాత్రం ఇవాళే తీసేయండి. భద్రత లేకపోవడం ఒకటి, వేగం 54 మెగాబిట్ల దగ్గరే ఆగిపోవడం ఇంకొకటి.

లాప్‌టాప్‌లోనే ఉంటే

ఇంట్లో మిగతావన్నీ నడుస్తూ ఈ ఒక్కటే తెగుతుంటే, విండోస్ రాసుకున్న చిట్టా ముందు తీయండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్ కొడితే, గడచిన 3 రోజుల్లో వైఫై ఎన్నిసార్లు ఏ నిమిషానికి తెగిందో, కారణంతో సహా ఒక పేజీ తయారు చేస్తుంది. డ్రైవర్ (వైఫై కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) తెంచిందని పదేపదే ఉంటే దాని సంగతి చూడాలి. లాప్‌టాప్ నిద్ర నుంచి లేచిన వెంటనే తెగినట్టు ఉంటే కరెంటు పొదుపు సెట్టింగు.

పొదుపు సెట్టింగుతో మొదలుపెట్టండి, అది తేలిక. డివైస్ మేనేజర్, నెట్‌వర్క్ అడాప్టర్స్, వైఫై కార్డు మీద రెండుసార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చన్న గడిలో టిక్కు తీసేయండి. కొత్త లాప్‌టాప్‌లు కొన్నింట్లో ఆ పేజీయే ఉండదు. అప్పుడు పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కు మార్చి, ఛార్జర్ పెట్టి ఒక పూట, తీసి ఒక పూట వాడండి. తేడా కనబడితే దారి దొరికినట్టే.

డ్రైవర్‌ను లాప్‌టాప్ తయారీ కంపెనీ సైటు నుంచి, మీ మోడల్ నంబరు పెట్టి దింపుకోండి. డ్రైవర్లు మేమే వెతికి పెడతామనే మూడో మనిషి సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. విండోస్ అప్‌డేట్ తర్వాతే గొడవ మొదలైతే, అదే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కి పాతదానికి వెళ్లండి. నెట్‌వర్క్ రీసెట్ ఆఖరున. అది దాచుకున్న పాస్‌వర్డులూ వీపీఎన్ అమరికలూ అన్నీ తుడిచేస్తుంది.

ఐపీకాన్‌ఫిగ్‌లో మీ చిరునామా 169.254 తో మొదలవుతుంటే రౌటర్ దగ్గర లాప్‌టాప్‌కు అంకె దొరకలేదన్నమాట. ఆ నెట్‌వర్క్‌ను ఫర్గెట్ చేసి మళ్లీ కలపండి. ఎప్పుడో ఎవరో చేత్తో పెట్టిన ఐపీ చిరునామా ఉంటే తీసి ఆటోమేటిక్ చేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా లొంగకపోతే, రౌటర్‌కు ఆరడుగుల దూరంలో కూర్చొని సిగ్నల్ చూడండి. 95 పైన ఉండాలి. మిగతా లాప్‌టాప్‌లకు అక్కడ 99 చూపిస్తూ దీనికి 50, 60 దగ్గర ఉంటే యాంటెనా తీగ మీద అనుమానం పెట్టుకోవాలి. ఎక్కువ లాప్‌టాప్‌లలో యాంటెనాలు తెర చుట్టూ అంచులో ఉంటాయి. అక్కడి నుంచి రెండు సన్నటి తీగలు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు, కీలు గుండా కిందికి దిగి వైఫై కార్డుకు చేరతాయి. కార్డు బొటనవేలంత ఉంటుంది. తీగ చివర పెసరగింజ కన్నా చిన్న ఇత్తడి టోపీ, కార్డు మీద దానికి సరిపడే బొడిపె. వేలితో అదిమితే టిక్కుమని కూర్చోవాలి. కీలు విరిగి రిపేరు చేయించినా, ర్యామ్ వేయించడానికి అడుగు విప్పించినా ఆ టోపీ ఊడిపోవడం, తీగ కీలులో పడి నలగడం జరుగుతుంటుంది. పింగ్ నడుస్తుండగా తెరను మెల్లగా ముందుకూ వెనక్కూ వంచండి. ఒక కోణంలో జవాబులు ఆగి, ఇంకో కోణంలో వస్తుంటే తీగ తెగింది. రిపేరు కొట్టులో వైఫై రావడం లేదని కాకుండా, కీలు దగ్గర యాంటెనా తీగ చూడమని అడగండి. లేకుంటే విండోస్ మళ్లీ ఎక్కించి పంపుతారు. తీగ, కార్డు మార్చడం కష్టమైతే 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టే యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పెట్టుకోవచ్చు.

పై గదికి సిగ్నల్ అందకపోతే

యూనివర్సిటీ చుట్టుపక్కల మిద్దె మీద ఒంటి గదుల్లో ఉండే పిల్లలకూ, కింద కనెక్షన్ పెట్టుకొని పైన ఆఫీసు పని చేసుకునేవాళ్లకూ రిపీటర్ కొనమని చాలామంది చెబుతారు. ఒకే బ్యాండుతో విని అదే బ్యాండుతో మళ్లీ చెప్పే రిపీటర్ వేగాన్ని సగానికి తెస్తుంది. దానికి అందే సిగ్నలే బలహీనమైతే అది పంచేదీ అదే. అదే డబ్బుతో కింది నుంచి పైకి నెట్ మోసే క్యాట్ 6 తీగ లాగండి. 100 మీటర్ల లోపు 1 గిగాబిట్ పోతుంది. గోడ బయటి నుంచి లాగితే ఎండకు తట్టుకునే నల్లటి అవుట్‌డోర్ తీగే తీసుకోండి, లోపల వాడే తీగ తోలు ఎండకు పెళుసుబారి పగులుతుంది. క్లిప్పు వేసేటప్పుడు 8 తీగలూ కలిశాయో లేదో టెస్టర్‌తో చూపించమనండి. నాలుగే కలిస్తే వేగం 100 మెగాబిట్ల దగ్గర ఆగుతుంది.

పైన ఏదైనా పాత రౌటర్ సరిపోతుంది. దానిలో యాక్సెస్ పాయింట్ మోడ్ (తీగలో వచ్చే నెట్‌ను వైఫైగా పంచడం మాత్రమే చేసేది) ఉంటే అది పెట్టండి. లేకపోతే తీగ కలపకముందే దాని చిరునామాను 192.168.1.2 కు మార్చండి. కిందిది 192.168.0.1 అయితే ఇది 192.168.0.2. తర్వాత పరికరాలకు చిరునామా అంకెలు పంచే డీహెచ్‌సీపీ ఆపి, తీగను బయటి నెట్ కోసం ఉన్న వ్యాన్ పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపడం మరిచిపోతే రెండు రౌటర్లూ ఎవరికి వారు అంకెలు పంచుతాయి. కొన్ని పరికరాలకు నెట్ వస్తుంది, కొన్నింటికి రాదు, రేపు అవే తారుమారవుతాయి. పైదాని 2.4 చానల్ కిందిదానికి వేరుగా, కింద 1 ఉంటే పైన 11, పెట్టి, పై గదిలో లాప్‌టాప్ తెరిచి మళ్లీ ఆ రెండు నల్ల కిటికీలతో ఒక గంట నడపండి.